ఒక్కో కెమెరాకు ఒక్కో ఫ్యూజు!

భీమవరం, ఉండి, ఆకివీడు, ముమ్మిడివరం, కాట్రేనికోన ప్రాంతాల ఆక్వా రైతులకు, పంచాయతీ పెద్దలకు, కెమెరాలు బిగించే మెకానిక్కులకు మనవి.

రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటరు ఎంత మామూలో సీసీ కెమెరా కూడా అంత మామూలైపోయింది. మంచిదే. ఒక్కసారి కాపలా పాకలోకి తొంగిచూడండి. 12 వోల్టుల, 10 ఆంపియర్ల సప్లై బాక్సు ఒకటి గుంజకు వేలాడుతుంటుంది. ఏడెనిమిది కెమెరాల వైర్లన్నీ మెలిపెట్టి ఆ రెండు టెర్మినళ్లకే బిగించి ఉంటాయి. పైన తాటాకు, పక్కన మేత బస్తాలు.

“12 వోల్టులే కదండీ, ముట్టుకున్నా షాకు కొట్టదు” అంటారు. కొట్టదు, నిజమే. కానీ నిప్పు పుట్టడానికి షాకుతో పనిలేదు.

“బాక్సులోనే షార్ట్ ప్రొటెక్షన్ ఉంది, డబ్బా మీద రాశాడు” అనేది రెండో మాట. ఉంది. అది కాపాడేది బాక్సుని, వైరుని కాదు. లెక్క చూడండి. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.035 ఓముల నిరోధం. కెమెరా 15 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 30 మీటర్లు, అంటే ఒక ఓము పైచిలుకు. ఆ చివర ఎలుక కొరికో, ఉప్పుగాలికి జాయింటు చిలుమెక్కి తెగో రెండు తీగలూ కలిశాయంటే పారేది 11 ఆంపియర్ల పైమాటే. 10 ఆంపియర్ల బాక్సు మామూలుగా 11కీ 15కీ మధ్య ఎక్కడో గానీ కట్ కాదు. కాస్త లోడు పెరిగిందనుకుని పోస్తూనే ఉండొచ్చు. అర ఆంపియరు కెమెరా కోసం లాగిన వైరులో 130 వాట్లకు పైగా వేడి! అదే కెమెరా 50 మీటర్ల దూరంలో ఉంటే పారేది మూడున్నర ఆంపియర్లలోపే. అప్పుడు షార్టయిందన్న సంగతే బాక్సుకు తెలియదు.

పంట బోదెకు గండి పడితే ధవళేశ్వరంలో గేట్లు దించుతామా? తూము దగ్గరే కట్టేస్తాం. ఇక్కడా అంతే. బాక్సు నుంచి బయల్దేరే ప్రతి పాజిటివ్ వైరుకూ మొదట్లోనే ఒక ఆంపియరు గాజు ఫ్యూజు పెట్టించండి. లేదా ఛానెల్‌కొక పీటీసీ ఫ్యూజు ఉన్న బాక్సే అడిగి కొనండి. పీటీసీ వేడెక్కితే కరెంటును దాదాపు ఆపేస్తుంది, షార్టు తీసేసి చల్లారనిస్తే మళ్లీ మామూలవుతుంది. గాజు ఫ్యూజు పోతే మరొకటి వేయండి గానీ దాని స్థానంలో రాగి పోగు చుట్టకండి.

ఇన్వర్టరు, సోలార్ బ్యాటరీలున్నచోట ప్రమాదం ఇంకా పెద్దది. బాక్సుకు ఆ మాత్రం హద్దయినా ఉంది, బ్యాటరీకి అదీ లేదు. 150 ఏహెచ్ బ్యాటరీ టెర్మినళ్ల మీద స్పానరు అడ్డంగా పడితే వెయ్యి ఆంపియర్ల దాకా పోయగలదు. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే డీసీ ఫ్యూజు ఉండి తీరాలి. ప్యానెళ్లు వరసగా కలిపి వందల వోల్టులు వచ్చేచోట ఇంటి ఎంసీబీని నమ్మకండి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి ఎంసీబీ కట్ అయినప్పుడు లేచే మెరుపు ఆరిపోతుంది. డీసీ అలా దిగదు, మెరుపు మండుతూనే ఉంటుంది.

పంచాయతీలు వీధి కెమెరాలకు ఇచ్చే వర్క్ ఆర్డర్‌లోనే “కెమెరాకొక ఫ్యూజు” అని రాయాలి. రైతులు చివరి విడత డబ్బు చేతిలోనే పట్టుకోవాలి. పని పూర్తయిందని మెకానిక్ చెప్పగానే, అన్నిటికన్నా దూరంగా ఉన్న కెమెరా దగ్గరకు అతన్నే పంపి, ప్లగ్ ఊడదీసి, ఆ రెండు తీగలూ కలపమనండి. పాకలో ఆ ఒక్క ఫ్యూజూ పోయి, మిగతా కెమెరాల బొమ్మలు తెర మీద ఆగకుండా నడుస్తుంటే కొత్త ఫ్యూజు వేయించి డబ్బు ఇచ్చేయండి.