వాషింగ్టన్ మూతి దగ్గరే వచ్చింది చిక్కు!

దసరా సెలవులకు నాగర్‌కర్నూల్‌లో అక్కావాళ్లింటికి వెళ్లా. మేనల్లుడు ఏడో తరగతి. బడిలో ప్రాజెక్టు ఇచ్చారట... నలుగురు అమెరికా అధ్యక్షుల బొమ్మలు, ఒక్కొక్కరి కింద నాలుగు విశేషాలు. వాడేమో చార్టు, జిగురు ముందేసుకుని కూర్చున్నాడు.

"నెట్ల బొమ్మలు తీసి అంటిస్తే అయిపాయె గద మామా!"

"గీయరా... గీస్తే తెలుస్తుంది" అన్నా.

ఊరికే అనలేదు. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద నాయకుల బొమ్మలు వేసిన పెయింటర్లు గుర్తున్నారా? చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్లు గీసుకునేవారు. గోడ మీద అన్నే గళ్లు పెద్దగా గీసి, ఒక్కో గడిలోని గీతను అందులోకి దించేవారు. అలా దించేటప్పుడు ముఖంలో దేన్నీ చూడకుండా దాటేయలేం. మేమూ అదే పట్టాం.

మొదట జార్జి వాషింగ్టన్. డాలరు నోటు మీది బొమ్మకు మూలం 1796లో గిల్బర్ట్ స్టూవర్ట్ మొదలెట్టిన చిత్రం. మొదలెట్టిన అని ఎందుకన్నానంటే, అది పూర్తి కానేలేదు! చిత్రకారుడు దాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుని, చూసి నకళ్లు వేసి అమ్ముకున్నాడు. మావాడు కళ్లు, ముక్కు బాగానే దించాడు. మూతి దగ్గర ఆగిపోయాడు.

"మామా, నోట్లె ఏదో పెట్టుకున్నట్టున్నది!"

నిజమే. 1789లో అధ్యక్షుడయ్యేనాటికి ఆయనకు మిగిలిన సొంత పన్ను ఒక్కటే. కట్టుడుపళ్లు చెక్కతో చేసినవని చెప్పుకుంటారు గానీ, కాదు. ఏనుగు దంతం, లోహం, జంతువుల పళ్లు... మనుషుల పళ్లు కూడా వాడారు. ఆయన ఎస్టేటులో వందలమంది బానిసలు ఉండేవారు. 1784 నాటి జమాఖర్చుల్లో నల్లవారి దగ్గర తొమ్మిది పళ్లు కొన్నట్టు ఒక పద్దు ఉంది. అవి ఆయన నోట్లోకే వెళ్లాయనడానికి రుజువు లేదు. పద్దు మాత్రం ఉంది.

"ఇది గూడ రాయాల్నా?" అన్నాడు వాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. వంటింట్లోంచి అక్క కేకేసింది: "మంచి మాటలు రాయుండ్రి. మార్కులేసేది వాళ్లు!"

సరే, తర్వాత చూద్దామని లింకన్‌ను అందుకున్నాం. ఆ గడ్డం ఆయన సొంత ఆలోచన కాదు. 1860 అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల పిల్ల ఉత్తరం రాసింది. మీ ముఖం మరీ పీలగా ఉంది, గడ్డం పెంచండి, ఆడవాళ్లకు నచ్చుతుంది, వాళ్లే భర్తలతో ఓట్లు వేయిస్తారు అని! (అప్పటికి అక్కడ ఆడవాళ్లకు ఓటు లేదు మరి.) ఆయన మాట ఇవ్వకుండానే జవాబు రాశారు. 1861 ఫిబ్రవరిలో రైల్లో వెళ్తూ ఆ పిల్ల ఊళ్లో దిగి, గడ్డంతోనే కనిపించారు. అన్నట్టు, మన బడుల్లో ఫ్రేము కట్టి పెట్టే 'కొడుకు టీచరుకు లింకన్ లేఖ' ఆయన రాసినట్టు ఆధారమే లేదు. మావాడి బడిలోనూ ఉందట!

థియోడర్ రూజ్‌వెల్ట్ కథ వినగానే వాడు పడీపడీ నవ్వాడు. షార్ట్రాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మలో ఆయన మరీ మెత్తగా కనిపించారు. ఇంట్లోవాళ్లు దానికి 'మ్యావ్ పిల్లి' అని పేరెట్టారు. ఆయన దాన్ని చీకటి మూలన వేలాడదీసి, చివరికి నాశనం చేయించారు. 1903లో సార్జెంట్ వేసిన బొమ్మే నచ్చింది.

నాలుగోవారు జార్జి డబ్ల్యూ. బుష్. 2006 మార్చి 3న హైదరాబాద్ వచ్చినప్పుడు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతులతో మాట్లాడారు. ఇక్కడికి దగ్గర్లోని పాలెం పరిశోధన స్థానం అప్పట్లో ఆ విశ్వవిద్యాలయానిదే. పదవి దిగాక, 2012లో ఆయన కుంచె పట్టారు. 2014లో డల్లాస్‌లో పెట్టిన ప్రదర్శనలో మన మన్మోహన్ సింగ్ బొమ్మా ఉంది. 2017లో వచ్చిన పుస్తకంలో ఉన్నది మాత్రం 98 మంది సైనికులు. చాలామంది ఆయన మొదలెట్టిన యుద్ధాల్లో గాయపడి వచ్చినవాళ్లే.

"ఆళ్ల ముఖాలు ఈయనే గీసిండా?" అని వాడు పెన్సిలు పక్కన పెట్టాడు. కాసేపు మాట్లాడలేదు.

రాత్రి తొమ్మిది దాటింది. అక్క అన్నానికి పిలుస్తోంది. చూస్తే వాడు వాషింగ్టన్ బొమ్మ కింద అయిదో విశేషం రాస్తున్నాడు... తొమ్మిది పళ్ల పద్దు.

"నాలుగే రాయమన్నారు కదరా?"

"ఏది కొట్టేయాల్నో టీచరే కొట్టేయనీ మామా!"