అవ్వ హౌజు, ఉడుకు నీళ్ళు

పోయిన చలికాలం పొద్దున ఆరు గంటలకు తమ్ముడి ఫోను. అంత పొద్దున ఊరి నుంచి ఫోనొస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అవ్వకేమన్నా అయిందా అని.

"ఏం కాలే అక్కా. ఇంటెనక హాట్ టబ్బు కడ్తున్న. నీళ్ళు దేంతోటి కాగబెట్టాలె చెప్పు. నువ్వు సైన్సు టీచర్‌వి కదా."

ఇరవై ఏళ్ళు దుబాయిలో ఉండి వచ్చిన మనిషి. అక్కడ ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు సలసల కాగుతుంటే, గీజరు ఆపేసి దాంట్లోని నీళ్ళనే చన్నీళ్ళ కింద వాడుకునేవాళ్ళట. అలాంటివాడికి ఇప్పుడు ఊళ్ళో ఉడుకు నీళ్ళ టబ్బు కావాల్సొచ్చింది. నవ్వొచ్చింది కానీ, ఆ టబ్బు వాడి కోసం కాదని తర్వాత తెలిసింది. అవ్వ కోసం. (మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం. నానమ్మ అనుకునేరు.)

మా ఊరు 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు జగిత్యాల జిల్లాలోకి పోయింది. అవ్వకు మాత్రం ఇప్పటికీ కరీంనగర్ జిల్లానే. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆపరేషన్ అంటే "నన్ను కొయ్యనియ్య" అంటుంది. షుగరుంది, బీపీ ఉంది. తమ్ముడు కట్టిన కొత్త ఇంట్లో టైల్స్ బాత్రూం ఉన్నా అందులోకి పోదు. జారుతుందని ఒక భయం. నాలుగు గోడల మధ్య తానం చేస్తే తానం చేసినట్టే ఉండదని ఒక పట్టుదల. ఇంటి వెనక బండ మీద, తడక చాటున, ఆకాశం కిందనే ఆమె తానం.

హౌజు కోరిక ఎక్కడిదో నాకు తెలుసు. మా నాయిన ఉద్యోగం కొన్నేళ్ళు ఆదిలాబాద్‌లో. ఆదిలాబాద్ చలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, సిర్పూర్ దిక్కు అయిదు డిగ్రీలకు పడిపోయిందని ప్రతి జనవరిలో పేపర్లో చూస్తూనే ఉంటారు. ఆ రోజుల్లో ఒకసారి నాయిన మమ్మల్నందరినీ మహారాష్ట్రలోని కిన్వట్ తాలూకా ఉన్‌కేశ్వర్ తీసుకుపోయాడు. అక్కడ భూమిలోంచే ఉడుకు నీళ్ళు ఊరతాయి. గంధకం వాసన. చర్మరోగాలు పోతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అవ్వ మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, ఇంక లెమ్మంటే లేవలేదు. యాభై ఏళ్ళ కింది మాట. తమ్ముడు దుబాయి నుంచి వచ్చి "అవ్వా, నీకేం కావాలె" అని అడిగితే, బంగారం కాదు, చీర కాదు, "ఉన్‌కేశ్వర్ల కూసున్నట్టు ఒక్కపారి కూసోవాలె కొడుకా" అన్నదట.

మా దగ్గర భూమి అలా నీళ్ళు కాచి ఇయ్యదు. ఆ భాగ్యం మన తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరు వాళ్ళది. అక్కడ బోర్లలోంచి వచ్చే ఉడుకు నీళ్ళతో సింగరేణి 20 కిలోవాట్ల కరెంటు ప్లాంటే పెట్టింది. మనం కాచుకోవాల్సిందే.

కాగితం, పెన్ను తీసుకున్నాను. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. సుమారు 380 లీటర్లు, లెక్కకు 400 అనుకుందాం. జనవరి పొద్దున మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు 18 డిగ్రీలుంటాయి. హాట్ టబ్బులు అమ్మేవాళ్ళు 40 డిగ్రీలు దాటొద్దంటారు, మనం 39 పెట్టుకుందాం. అంటే 21 డిగ్రీలు పెంచాలి. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.16 వాట్ అవర్లు. మొత్తం కలిపితే దగ్గర దగ్గర 10 యూనిట్లు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఒక్కసారి కూర్చోవడానికి 80 రూపాయలు. మూడు కిలోవాట్ల హీటరైతే మూడు గంటలకు పైనే పడుతుంది.

గ్యాస్ గీజరైతే ఒక్కసారికి కిలో గ్యాస్. అంటే 14.2 కిలోల సిలిండర్ పద్నాలుగు తానాలకు ఖతం. గ్యాస్ గీజరు అన్నాను కాబట్టి ఒక మాట: దాన్ని బాత్రూంలో పెట్టి తలుపేసుకోకండి. గ్యాస్ మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. నిద్రొచ్చినట్టే వచ్చి మనిషిని తీసుకుపోతుంది. గీజరు బయట గోడకుండాలి, పైపు మాత్రమే లోపలికి రావాలి.

కట్టెలైతే మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెడితే పదిహేను, పదహారు కిలోలు కాలిపోతాయి. వేడిలో ఎక్కువ భాగం గాలికే. హమామ్ అయితే సగం చాలు. ఈ కాలం పిల్లలకు హమామ్ అంటే సబ్బే తెలుసు. మేం చెప్పేది రాగి హమామ్. నడుమ గొట్టం, అందులో మంట, చుట్టూ నీళ్ళు. పైన గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోస్తే కింద నల్లాలోంచి చెంబెడు ఉడుకు నీళ్ళు. మంట మూడు దిక్కులకు పారిపోకుండా నీళ్ళ నడుమనే ఉంటుంది, అదీ దాని కిటుకు. మా ఇంట్లో ఉన్నది అవ్వ పెండ్లినాటిది. గోదావరిఖని, మందమర్రి దిక్కు చుట్టాలింటికి పోతే బొగ్గు పొయ్యిల మీద కాగేవి నీళ్ళు. అక్కడి పొద్దుటి పొగ ఇంకా నా ముక్కులోనే ఉంది.

హీట్ పంపు అని ఇంకోటుంది. ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, గాలిలోని వేడిని లాగి నీళ్ళకిస్తుంది. పది యూనిట్ల పని మూడు, నాలుగు యూనిట్లలో చేస్తుంది. ధర విని తమ్ముడు "అక్కా, మల్ల దుబాయి పోవాలె" అన్నాడు.

ఈ లెక్కలన్నీ ఫోన్లో చదువుతుంటే స్పీకరులో అవ్వ వింటున్నట్టుంది. మధ్యలో అందుకుంది.

"మిద్దె మీద నీళ్ళు ఎందుకు బిడ్డా? పొద్దుగాల బోరు ఏస్తే నీళ్ళు గోరువెచ్చగనే వస్తయి గదా."

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఈ సంగతి తట్టలేదు. భూమి లోతున నీటికి చలికాలం, ఎండాకాలం పెద్దగా తెలియవు. ఏడాది మొత్తం సగటు ఎంతో దాదాపు అంతే ఉంటుంది. తమ్ముడితో థర్మామీటర్ పెట్టించాను. బోరు నీళ్ళు 26 డిగ్రీలు. ఒక్క దెబ్బతో ఎనిమిది డిగ్రీలు ఫ్రీ. పది యూనిట్ల లెక్క ఆరుకు దిగింది. మీరు ఏ హీటరైనా కొనండి, ముందు మీ బోరు నీళ్ళెంత వెచ్చగున్నాయో చూసుకోండి.

ఇంత ఉత్సాహంగా లెక్కలేసుకుంటుండగా సంక్రాంతి ముందర ఆ పని జరిగింది.

హౌజు ఇంకా కడుతున్నారు. సిమెంటు ఆరలేదు. అవ్వకు ఆగబుద్ధి కాలేదు. హమామ్ అంటించి, ప్లాస్టిక్ టబ్బులో ఉడుకు నీళ్ళు పట్టుకుని, కాస్త చన్నీళ్ళు కలిపి, చేత్తో చూసి, మంచిగనే ఉన్నాయనుకుని రెండు కాళ్ళూ పెట్టుకుని కూర్చుంది. బీడీలు చుట్టి, నాట్లేసి కాయలు కాసిన చేతులవి. కాళ్ళకు షుగరుతో ఎప్పుడో స్పర్శ తగ్గింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. పావుగంట కూర్చుంది. లేచి తుడుచుకుంటుంటే చర్మం తుండుగుడ్డకొచ్చింది. నొప్పి లేదు. అదే భయం. పక్కింటామె పేస్టు పూసింది. దాన్ని కడిగించడానికే డాక్టరుకు చాలాసేపు పట్టింది.

కుడి పాదం బొటనవేలు దగ్గర పుండు మానడానికి రెండు నెలలు. డ్రెస్సింగుకు ఒక రోజు నేను, ఒక రోజు తమ్ముడు. ముందు వారాల్లో డాక్టరు వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడు. ఆ మాట అవ్వకు చెప్పలేదు. ఆమెకు తెలిసిందనే అనుకుంటున్నాను, మాకే చెప్పలేదు.

తమ్ముడు హౌజు పగలగొట్టిస్తానన్నాడు. నేనూ సరే అన్నాను. అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. "నీళ్ళ తప్పు కాదు, నా తప్పు" అని మంచం మీద నుంచే కొట్లాడింది. పుండు మానాక డాక్టర్నే అడిగాం. అసలు షుగరున్నవాళ్ళు పాదాలు నానబెట్టకపోతేనే మంచిదన్నాడు. అవ్వ మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. 37 డిగ్రీలు దాటొద్దు. పది నిమిషాలు మించొద్దు. నీళ్ళు ఆమె చూసుకోవద్దు, వేరేవాళ్ళు థర్మామీటర్‌తో చూడాలి. బయటికొచ్చాక వేళ్ళ సందులు ఆరేలా తుడవాలి, పాదాలు రోజూ చూడాలి.

అప్పటిదాకా నా కాగితం మీద ఉన్న ప్రశ్న ఏంటి? దేంతో కాస్తే చవక అని. ఆ కాగితం చింపేశాను. ఎవరి ఒంటికి, ఎంత వేడి, ఎవరి చేతిలో ఆ వేడి అనేది రాసుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

హమామ్ మొదట పోయింది. మంట మాట వినదు, నల్లాలోంచి వచ్చే నీళ్ళు మరిగే నీళ్ళే. ఇమ్మర్షన్ రాడ్డు అసలు లెక్కలోనే లేదు. మనిషి కూర్చునే నీళ్ళలో కరెంటు పెట్టడమేంటి? బకెట్లో వాడేవాళ్ళు కూడా స్విచ్చాపి, ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోండి. మెయిన్‌లో 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో ఈ పూటే చూసుకోండి.

మిగిలింది సోలార్. మన దగ్గర చలెక్కువున్న నెలల్లోనే ఆకాశం శుభ్రంగా ఉంటుంది. వానాకాలంలో మబ్బుంటే ఆ రోజులు హౌజు ఎలాగూ అక్కర్లేదు. ఇంకోటి, 37కి దిగేసరికి లెక్కే మారిపోయింది. బోరు నీళ్ళు 26, సోలార్ ట్యాంకులో 60 ఉంటే, 400 లీటర్లకు 130 లీటర్ల వేడినీళ్ళు చాలు. 150 లీటర్ల సోలార్ సరిపోయింది. అవ్వ పాదం కోసం పెట్టుకున్న హద్దే ఖర్చు తగ్గించింది.

గాజు గొట్టాలదా, రాగి గొట్టాల పలకదా అన్నదాని మీద మళ్ళీ పంచాయితీ. మా ఊళ్ళో కోతులు. పెంకులు పీకుతాయి, టీవీ వైర్లు పీకుతాయి. గాజు గొట్టాలు చూస్తే వాటికి పండుగే. పలకైతే గట్టిది, కానీ మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, సన్న గొట్టాల్లో రెండేళ్ళకే సున్నం పేరుకుంటుంది. చివరికి గాజువే తీసుకుని పైన ఇనుప జాలీ వేయించాడు. జాలీకైన ఖర్చు విని నేను నోరు మూసుకున్నాను.

వేడిని కట్టడి చేయడానికి వేల రూపాయల వాల్వులున్నాయి. మేం హౌజు లోపల గోడకు ఎర్ర రంగుతో ఒక గీత గీశాం, అడుగు ఎత్తులో. ముందు బోరు నీళ్ళు ఆ గీత దాకా. తర్వాతే సోలార్ నల్లా, పై అర అడుగు. చన్నీళ్ళు ముందు, వేడినీళ్ళు వెనక, ఎప్పటికీ ఇదే వరుస. ఎండ ముదిరిన రోజు ట్యాంకులో 75 ఉంటే హౌజు 42కి పోతుంది, అందుకే థర్మామీటర్ లేకుండా కాలు పెట్టేది లేదు. వేడి నల్లా కట్టేశాక దాని పిడి ఊడదీసి తమ్ముడు జేబులో వేసుకుంటాడు. పొద్దున కాదు, సాయంత్రం అయిదింటికే హౌజు. ఎండంతా పట్టుకున్న నీళ్ళు అప్పుడే వేడిగా ఉంటాయి, రాత్రి ఉంచితే కొంత పోతుంది. కూర్చున్నాక ఆ నీళ్ళు అరటి చెట్లకు పోతాయి. నిలవ ఉంచితే క్లోరిన్, ఫిల్టర్ అని వేరే బాధ.

ఈ డిసెంబర్‌లో మొదటిసారి నింపాం. థర్మామీటర్ 37 చూపించింది. అవ్వను ఇద్దరం పట్టుకుని దించాం. మోకాళ్ళ పైదాకా నీళ్ళు. కళ్ళు మూసుకుంది. నేను గడియారం చూస్తున్నాను. తమ్ముడు ఆమె మొహం చూస్తున్నాడు.

"ఎట్లున్నయి అవ్వా?"

"సల్లగున్నయి."

"37 ఉన్నయే!"

"ఉన్‌కేశ్వర్ల గిట్ల లేకుండె. ఇంకింత పొయ్యి."

తమ్ముడు జేబు మీద చెయ్యేసుకున్నాడు. పది నిమిషాలయ్యాక లేపాం. వేళ్ళ సందులు నేను తుడుస్తుంటే, ఆమె హమామ్ దిక్కు చూస్తూ, దీపావళి తానానికి మాత్రం దాన్నే అంటిస్తానని తమ్ముడితో బేరం మొదలుపెట్టింది.