చేతిగీతే గురుదక్షిణ

ద్రోణుని మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని ఏకలవ్యుడు విలువిద్య సాధించాడు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత అటువంటి శిష్యరికం సామాన్యుల ఇళ్లలోనూ సాధ్యమైంది. పుస్తకం అట్టయే గురుపీఠమైంది. నావంటి తెలుగువారెందరికో ఆ పీఠంపై కనిపించిన గురువు బాపు.

సత్తిరాజు లక్ష్మీనారాయణ అను బాపు 1933 డిసెంబరు 15న పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివినా, చేత కుంచెనే పట్టారు. ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రాలు వేశారు. వాణిజ్య ప్రకటనలకు రూపకల్పన చేశారు. లెక్కకు మిక్కిలిగా ముఖచిత్రాలు గీశారు. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగుకు రూపమిచ్చినది ఆయన గీతయే. 1967లో ‘సాక్షి’తో చిత్రదర్శకులైన పిదప కూడా, సన్నివేశాలను ముందుగా కాగితంపై బొమ్మలుగా గీసుకొనేవారు.

ఆయన విద్యలోని రహస్యం పొదుపు. ముక్కుకొక గీత, జడకొక విసురు; మిగిలినది చూచేవారి ఊహకు వదిలివేస్తారు. అక్షరాన్నీ ఆయన బొమ్మగానే భావించారు. అందుకే ఆయన వ్రాసిన శీర్షిక చదువకముందే కంటికి నవ్వుతూ కనిపిస్తుంది.

నేను నివసించే బాహూరు పుదుచ్చేరి ప్రాంతంలోని తమిళసీమ. తొమ్మిదవ శతాబ్దిలో, పల్లవరాజు నృపతుంగవర్మ కాలంలో, ఇక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలను దానమిచ్చినట్లు రాగిశాసనం చెబుతున్నది. చదువును అంతగా గౌరవించిన ఈ ఊరిలో, మా ఇంటి పిల్లలకు తెలుగు చెవికి పరిచితమే గాని కంటికి కొత్త. వారిచేత ఓనమాలు దిద్దించేటప్పుడు నాకు దారి చూపినది బాపు గీతయే. ‘అ’లో ముడుచుకొని పడుకున్న పిల్లిని, ‘ఠ’లో ఇరుసుతో కూడిన బండిచక్రాన్ని గీసి చూపుతాను. పిల్లలు మరునాడు నాకు తోచని బొమ్మలను మరికొన్ని అక్షరాలలో పట్టి చూపుతారు.

2013లో పద్మశ్రీ పొందిన బాపు, 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. ఆయన చేతివ్రాత నేడు కంప్యూటరు లిపియై శుభలేఖలను అలంకరిస్తున్నది. మీట నొక్కినంతనే ఆ వంపు ఎవరికైనా లభిస్తుంది. కాని ఏ గీతను ఉంచాలో, దేనిని విడువాలో తెలిపే చూపు మీటకు లొంగదు. దానిని సాధనతోనే సంపాదించాలి. అనుకరణ తొలిమెట్టు మాత్రమే. ఏకలవ్యుడు బొటనవ్రేలు సమర్పించాడు. బాపువంటి గురువుకు అది వద్దు. శిష్యుడు తన వ్రేళ్లతో తనదైన గీతను గీయడమే చాలు.