కారుకి హవా, చోటూకి గర్దా

మా ఆపా కొడుకు సౌదీలో నాలుగేళ్లు కష్టపడి తిరిగొచ్చాడు. వచ్చాక నికాకి ఒప్పుకుంటాడని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే, వాడు ముందుగా సెకండ్ హ్యాండ్‌లో ఎర్ర ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాడు. 2017 మోడల్. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్. కూర్మన్నపాలెం సందుల్లో దాన్ని తిప్పడమంటే బావిలో తిమింగలాన్ని ఈదించడమే. అయినా షౌక్ షౌకే కదా. నేను ఏమీ అనలేదు.

నెల తిరక్కుండా వాడు దాని ఎయిర్ బాక్స్ పీకేస్తానన్నాడు.

"కంపెనీవాలే గాడీకో సాఁస్ లేనే నై దేతే, మామూ!"

కంపెనీ వాళ్లు బండిని ఊపిరి పీల్చుకోనివ్వరట. అందుకని నలభై వేలు పోసి బయటి కిట్టు తెప్పించాడు. అందులో ఒక శంఖం ఆకారపు ఫిల్టరు, ఒక లావుపాటి పైపు, నాలుగు క్లాంపులు. పదిహేను హార్స్‌పవర్ పెరుగుతుందని డబ్బా మీద రాసి ఉంది. నా మష్వరా ఎందుకడిగాడంటే, వాడి నానా, అంటే మా మర్హూమ్ అబ్బా, గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు మిస్త్రీగా బతికాడు. నేను పానా వదిలి కలం పట్టినవాణ్ణి. అయినా అబ్బా షెడ్డులో సెలవులన్నీ గడిపాను కాబట్టి నాకూ కాస్త ఇల్మ్ ఉంటుందని వాడి నమ్మకం.

చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో హవా అంటే గాలి అని నేర్చుకున్నాం. కోరిక అన్న మానే కూడా ఉంది, హవా-ఓ-హవస్ అని జంటగా వాడతారు. తెలుగు డిగ్రీ చేసి పేపర్లో చేరాక మూడో మానే దొరికింది. ఫలానా పార్టీ హవా, ఫలానా హీరో హవా అంటూ ఎన్ని హెడ్డింగులు పెట్టానో లెక్కలేదు. మా భాంజా తెచ్చిన డబ్బాలో ఈ మూడు హవాలూ ఉన్నాయి. గాలి ఉంది, కోరిక ఉంది, దర్జా ఉంది. మొదట గాలి సంగతి మాట్లాడతాను.

పెట్రోలు ఒంటరిగా కాలదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే ఒక లీటరు పెట్రోలుకి సుమారు 9 వేల లీటర్ల గాలి. మనిషి రోజంతా పీల్చేది దాదాపు 11 వేల లీటర్లు. అంటే మా వాడి కారు గాజువాక నుంచి బీచ్‌రోడ్డుకి వెళ్లొచ్చేసరికి ఒకరికి రెండు రోజులకు సరిపోయే సాఁస్ లాగేస్తుంది. టర్బో లేని రెండు లీటర్ల ఇంజన్ కూడా 6 వేల ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6 వేల లీటర్ల గాలి మింగుతుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి గాలి దారి సాఫీగా ఉండాలన్న మా వాడి మాట తప్పు కాదు. రేసు కార్లు తయారుచేసేవాళ్లు దానికోసమే రాత్రింబవళ్లు మెహనత్ చేస్తారు.

తప్పు ఎక్కడుందంటే, కంపెనీ ఇంజనీరుకి ఇది తెలియదనుకోవడంలో. ఆ నల్లటి ప్లాస్టిక్ పెట్టె చూడటానికి బద్‌సూరత్‌గా ఉంటుంది గానీ, దాని మూతి బండి ముందు జాలీ వెనక ఉంటుంది. బయటి చల్లగాలిని అక్కణ్ణుంచి లాగుతుంది. పెట్టె గోడలు ఇంజన్ వేడిని ఆపుతాయి. పెట్టె తీసేసి శంఖాన్ని నేరుగా బానెట్ కింద పెడితే అది ఇంజన్ సెగని పీలుస్తుంది. గాలి 35 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకి వేడెక్కితే దాని సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. దారి వెడల్పయింది, వచ్చే సరుకు పలచనయింది.

ఉక్కునగరం వాళ్లకి ఈ మాట వింతగా అనిపించవచ్చు. మన స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి గాలిని వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిచేసి మరీ ఊదుతారు. అక్కడ ఎంత వేడిగాలి పంపితే అంత కోక్ ఆదా. కారు ఇంజన్ కథ వేరు. సిలిండర్‌లో జాగా ఇంతే అని ముందే తేలిపోయింది. అందులో ఎక్కువ ఆక్సిజన్ పట్టాలంటే గాలి చల్లగా, చిక్కగా ఉండాలి. ఊరు ఒకటే, హవా ఒకటే, రెండు కొలుములకీ రెండు రకాల ఆకలి.

టర్బో బండికి ఇంకో మెలిక ఉంది. ఎంత ఒత్తిడితో గాలి లోపలికి వెళ్లాలన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దారి కాస్త సులువైతే టర్బో కాస్త తక్కువ కష్టపడుతుంది. కంప్యూటర్ లెక్క మారనంతవరకు చేతికొచ్చే తాకత్‌లో తేడా స్వల్పం. లెక్కలు మార్చి, పెద్ద టర్బో పెట్టి, ఎగ్జాస్ట్ కూడా మార్చినవాడికి పెద్ద ఇంటేక్ నిజమైన జరూరత్. మా వాడు అవేవీ చేయలేదు. చేసే ఇరాదా కూడా లేదు.

ఇక ఫిల్టరు. దాని నుంచి మనం మూడు పనులు ఆశిస్తాం. గాలిని బాగా వదలాలి, దుమ్ముని బాగా ఆపాలి, చాలాకాలం పూడుకుపోకుండా ఉండాలి. ఒకే సైజులో ఈ మూడూ ఒకేసారి పెంచడం కుదరదు. ఒకటి పెంచితే రెండోదాన్నుంచి ఎంతో కొంత కోసుకోవాల్సిందే. నూనె రాసిన కాటన్ ఫిల్టర్లు గాలిని సులువుగా వదులుతాయి. నూనె మోతాదు తప్పితే, ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న బండ్లలో ఆ నూనె వెళ్లి సెన్సర్ తీగకి పట్టుకుంటుంది. తక్కువ రాస్తే దుమ్ము లోపలికి జారుతుంది. ఆ దుమ్ము టర్బో రెక్కల్నీ, సిలిండర్ గోడల్నీ గీకుతుంది.

ఆ దుమ్ము ఏ ఊరిదన్నది కూడా చూడాలి. చలిదేశంలో వీడియో తీసినవాడి రోడ్డు వేరు, మన పోర్టు రోడ్డు వేరు. ఇక్కడ బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది, లారీలు రాత్రంతా నడుస్తాయి. పైన సముద్రపు ఉప్పు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల ఫెహరిస్త్‌లో మన విశాఖ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్‌కి నిద్రలోంచి లేచి పరిగెత్తి పడిపోయినవాళ్లని చూసిన ఊరు ఇది. ఇక్కడ గాలి గురించి మాట్లాడితే ఎవరి ఊపిరి అన్న సవాల్ దానంతటదే వచ్చి నిలబడుతుంది.

వాన సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. చల్లగాలి కోసమని పైపుని బంపర్ కిందికి దించే కిట్లు కూడా ఉన్నాయి. అల్పపీడనం పట్టినప్పుడు రైలు వంతెనల కింద మోకాలిలోతు నీళ్లు నిలిచే ఊళ్లో ఆ పైపు నీళ్లు తాగుతుంది. గాలిని నొక్కినట్టు పిస్టన్ నీళ్లని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజన్ ఖతం.

ఇదంతా చెప్తే మా వాడు నవ్వాడు.

"మామూ, నువ్వు ముషాయిరాకి వెళ్లి రాత్రి రెండింటి దాకా వాహ్ వాహ్ అంటావు. దానివల్ల నీ తన్‌ఖా పెరిగిందా?"

నిజమే. వాడు కొన్నది తాకత్ కాదు, ఆవాజ్. పెట్టె గోడలు లేకపోతే టర్బో ఈల చెవికి అందుతుంది. కాలు తీసినప్పుడు బుస్సుమంటుంది. సౌదీ ఎండలో నాలుగేళ్లు పరాయి బండ్లు నడిపినవాడికి ఆ బుస్సు విలువ ఏమిటో నాకు తెలుసు. షౌక్‌ని షౌక్ అని చెప్పి కొనుక్కుంటే నాకు షికాయత్ లేదు. పదిహేను హార్స్‌పవర్ అని రాసి అమ్మడం మీదే నా షికాయత్. అమ్మేవాడు మన ఎండలో, మన దుమ్ములో, ముందూ తర్వాతా డైనో మీద కొలిచి చూపించాలి. చూపించలేకపోతే డబ్బా మీద 'ఆవాజ్ కోసం' అని రాయాలి.

చట్టం సంగతి కూడా వాడికి చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో కంపెనీ రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఏ సెక్షన్‌ని తిరగరాశారు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5 వేల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ మధ్య మన బీచ్‌రోడ్డులో పోలీసులు మార్చిన సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించారు. రోగులు, పసిపిల్లలు, పరీక్షలకి చదివే పిల్లలు ఉండే వీధుల్లో ఆ మోత జుల్మే. నేను దాన్ని సమర్థించను.

కానీ రోడ్ రోలర్ ఒక్కటే జవాబా? సీఎన్‌జీ కిట్టు పెట్టాలంటే మన దేశంలో ఒక దారి ఉంది. ఆమోదం పొందిన కిట్టు, ఆర్‌సీలో నమోదు. కాలిఫోర్నియాలో బయటి ఇంటేక్ కిట్లని కూడా అక్కడి గాలి వనరుల బోర్డు పరిశీలించి, కాలుష్యం పెంచదని తేలితే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఇస్తుంది. తనిఖీలో ఆ నంబరు చూపిస్తే చాలు. మన దగ్గరా అలాంటి పరీక్ష, అలాంటి నంబరు ఎందుకు ఉండకూడదు? అప్పుడు మోసపు సరుకు బజారు నుంచి పోతుంది, నిజాయితీగా పనిచేసే మిస్త్రీకి ఇజ్జత్ వస్తుంది, కుర్రాళ్లకి ఏది జాయజో ఏది కాదో కొనకముందే తెలుస్తుంది.

ఇక్కడితో ఆపేసేవాణ్ణే. కిట్టు బిగించే ముందు పాత ఫిల్టరు చూద్దామని మేమిద్దరం ఆటోనగర్ వెళ్లాం. అబ్బా షాగిర్ద్ ఇప్పుడక్కడ ఉస్తాద్. పెట్టె విప్పి ఫిల్టరు బయటికి తీశాడు. మడతల్లో నల్లటి పొడి, మధ్యమధ్య ఇటుక రంగు. నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, "చోటూ!" అని పిలిచాడు.

చోటూ కంప్రెసర్ గన్ను పట్టుకొచ్చి ఫిల్టరులోకి ఊదాడు. గర్దా అంతా ఒక్కసారిగా లేచింది. వాడి కనుబొమలు, పెదాలు, ముక్కు దూలం బూడిదరంగుకి తిరిగాయి. మొహానికి గుడ్డయినా లేదు. రోజుకి ఎన్ని ఊదుతావని అడిగితే, "పది పన్నెండు సార్, ఆదివారం ఇంకా ఎక్కువ" అన్నాడు. వయసెంతని ఉస్తాద్‌ని అడిగాను. పద్దెనిమిది నిండాయన్నాడు. నేను రెట్టించలేదు. జర్నలిస్టుగా రెట్టించి ఉండాల్సింది.

మా అబ్బా కూడా అలాగే ఊదేవాడు. చివరి ఏళ్లలో ఫజర్ నమాజుకి లేచినప్పుడు ఆయన దగ్గు మాకు అజాన్ కంటే ముందు వినిపించేది. అది దేనివల్లో డాక్టర్లు ఖరారుగా చెప్పలేదు. బీడీ కూడా కాల్చేవాడు. అందుకని నేను ఎవరి మీదా ఇల్జామ్ వేయను. కానీ ఆ ఫిల్టరు ముందు నిలబడి నాకు ఒక హిసాబ్ తట్టింది. ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోకూడదని ప్రపంచంలోని ఇంజనీర్లు వందేళ్లుగా బుర్ర బద్దలు కొట్టుకున్నారు. ఇంజన్‌ని కాపాడారు. ఆపిన దుమ్మంతా పోగుచేసి ఒక కుర్రాడి మొహం మీదికి ఊదుతున్నాం.

పైగా ఈ ఊదుడు వల్ల ఫాయిదా కూడా అంతంతే. కాగితపు ఫిల్టరుని గట్టి ఒత్తిడితో ఊదితే కంటికి కనపడని చిరుగులు పడతాయి. పాడైతే పారేసి కొత్తది వేయడమే సరైన పద్ధతి. కిట్టు ఖరీదుతో పోలిస్తే కొత్త కాగితపు ఫిల్టరు చిల్లర ఖర్చు.

కిట్టు ఇంకా బిగించలేదు. వాడు తిరిగి పంపేయనూ లేదు. డబ్బా ఆపా ఇంట్లో అల్మారా మీద కూర్చుంది. బండిలో కొత్త కాగితపు ఫిల్టరు వేయించాడు, అంతవరకు ఖుషీ. ఆ వారం మేం చోటూకి మాస్కుల డబ్బా ఒకటి ఇచ్చొచ్చాం. పది రోజుల తర్వాత వెళితే మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. "ఉక్కపోస్తాంది సార్, ఊపిరాడదు" అన్నాడు. మే నెలలో రేకుల షెడ్డు కింద వాడన్నది అబద్ధం కాదు.

కాబట్టి ఈ పని మాస్కుతో తీరదు. దుమ్ముని ఊదకుండా లాగేసే వాక్యూమ్ మెషీన్ షెడ్డుకొకటి ఉండాలి. పాత కాగితపు ఫిల్టర్లు ఊదొద్దు, మార్చండి అని గిరాకీకి చెప్పే ధైర్యం ఉస్తాద్‌లకి రావాలి. చెబితే వినే సబ్ర్ మనకీ ఉండాలి. మొన్న ఇఫ్తార్ దగ్గర ఈ మాటే వస్తే మా భాంజా ఫోన్ తీసి మెషీన్ల ధరలు చూడటం మొదలుపెట్టాడు. కిట్టు కంటే తక్కువే ఉన్నాయట. సగం తను వేసుకుంటానన్నాడు, మిగతా సగం కోసం నా వైపు చూశాడు.