గుమ్మం ముందు ఊక ఉండగా...

2023 జులైలో కిలో టమాటా వంద దాటినప్పుడు, సూర్యాపేటలో మా డాబా మీద నేనూ కుండీలు పెట్టాను. మట్టి అయితే స్లాబుకు బరువని ఇంటి ఓనరు వద్దన్నారు. సరే అని కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్నా. ఇక నీళ్లు పోస్తే చాలనుకున్నా. తీరా చూస్తే కాయలు అడుగున నల్లబడి కుళ్లాయి!

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు కడగాలి. లేకపోతే మొక్కకు కాల్షియం సరిగా అందదు. పైగా అది నీటిని పట్టి ఉంచుతుందే గానీ తిండి పెట్టదు. డబ్బులు పోశాకగానీ ఈ సంగతి తెలియలేదు.

కోదాడలో మా చెల్లెలు మాత్రం మిర్యాలగూడ మిల్లు నుంచి ఊక తెప్పించుకుంది. పచ్చి ఊక వాడదు. అది కుళ్లేటప్పుడు మొక్క నత్రజనిని లాగేస్తుంది. మిల్లు బాయిలర్ బూడిదా వద్దంటుంది, క్షారం ఎక్కువట. పెరట్లో ఊకను నల్లగా మాడ్చి, బూడిద కాకముందే నీళ్లు చల్లి ఆర్పుతుంది. ఆ ఊక, కడిగిన కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు సమపాళ్లలో కలుపుతుంది. ఈసారి నేనూ అలాగే చేశా. కాయలు శుభ్రంగా వచ్చాయి.

దూరం నుంచి ప్యాకెట్లో వచ్చిందే మంచిదని మనకో నమ్మకం. కొనేముందు మన ఊళ్లో ఏం దొరుకుతుందో ఒక్కసారి చూడకూడదూ?