పడవలో కాపురం

"ఈ చలికాలం మూడు నెలలూ పడవలోనే ఉంటాం" అని మా పెద్దమ్మ పెద్దకూతురు ఫోన్లో చెప్పినప్పుడు మా ఇంట్లో తలో మాటా అన్నారు. "పెట్టిపుట్టింది" అని మా ఆడపడుచు నిట్టూర్చింది. "బంగారంలాంటి ఇల్లుండగా నీళ్ళమీద తేలడమేం ఖర్మే!" అన్నారు మా అత్తగారు. మావారు పడవ ఖరీదెంతో కనుక్కోమన్నారు. నాకొచ్చిన సందేహం ఒకటే. మరి వంట ఎక్కడ?

అక్క నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దది. ఇంగ్లండులో నర్సుగా చేసి రిటైరయింది. బావగారికి మొదట్నించీ తెరచాప పడవల పిచ్చి. ఉద్యోగం వదిలాక పదకొండు మీటర్ల పాత పడవ ఒకటి కొన్నారు. స్నేహితులతో కలిసి దాన్ని కెనరీ దీవులదాకా నడిపించుకెళ్ళి, లాస్ పాల్మాస్ ఊళ్ళో కట్టేశారు. అక్క మాత్రం విమానంలో వెళ్ళింది!

ఆ దీవులు స్పెయిన్ వాళ్ళవేగానీ ఉన్నది ఆఫ్రికా పక్కన, అట్లాంటిక్ సముద్రంలో. ఇంగ్లండు గడ్డకట్టే జనవరిలో అక్కడ పగలు ఇరవై డిగ్రీలు. 1492లో కొలంబస్ అమెరికా వైపు వెళ్తూ ఇక్కడే ఆగి ఓడలు బాగుచేయించుకున్నాడు. ఇప్పటికీ ఏటా నవంబరులో రెండొందలకు పైగా పడవలు లాస్ పాల్మాస్‌లో చేరి, అట్లాంటిక్ దాటడానికి బయల్దేరతాయి. 1986 నించీ జరుగుతున్న ర్యాలీ ఇది. అవి కదిలితేగానీ మిగతావాళ్ళకి మెరీనాలో చోటు దొరకదు. మెరీనా అంటే పడవల స్టాండు అనుకోండి. పడవ పొడుగుని బట్టి అద్దె. కరెంటుకి ఒక తీగ, నీళ్ళకి ఒక గొట్టం ఇస్తారు. ఆపైన మీ సంసారం మీది.

ఇక వంట సంగతి. రెండు పొయ్యిల స్టవ్వు అటూ ఇటూ ఊగేలా బిగించి ఉంటుందిట, పడవ ఒరిగినా గిన్నె ఒరగకుండా. ఇంగువ పోపు పెడితే ఆ వాసన వారందాకా పరుపుల్ని వదలదు. అట్టపెట్టెలు లోపలికి రానివ్వకూడదు, వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. కూరలన్నీ గట్టుమీదే విప్పి, కడిగి, తుడిచి లోపలికి తేవాలి. ఆ ఊళ్ళో కుళాయి నీళ్ళు కూడా చాలావరకు సముద్రం నీళ్ళే, ఉప్పు తీసి పంపుతారు. స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని మెరీనా వాళ్ళ బాత్‌రూముల దాకా నడవాలి. వాన పడుతున్నా అంతే. రాత్రి తలుపులు మూస్తే మన ఊపిరి తేమకే పరుపుల కింద బూజు. గాలి లేచిందంటే వందల పడవల తాళ్ళు తెరచాప స్తంభాలకి కొట్టుకుని తెల్లార్లూ టకటకలు. ఒక్కోసారి సహారా ఎడారినించి ఎర్రదుమ్ము వస్తుంది. దాన్ని కలీమా అంటారుట. అది వచ్చిపోయాక పడవంతా పైనించి కిందిదాకా కడుక్కోవాలి.

"ఎవరు కడుగుతారే?" అన్నాను.

"ఇంకెవరు?" అని నవ్వింది.

ఇల్లు చిన్నదైతే పనీ చిన్నదవుతుందని మనం అనుకుంటాం. అవదు. వంగి చేసే పని పెరుగుతుందంతే.

ఆ మొదటి చలికాలంలోనే ఒకటి జరిగింది. బావగారు ఏదో సామాను కొనడానికి ఊళ్ళోకి వెళ్ళారు. ఈదురుగాలి లేచింది. ఒరిపిడికి ఒక తాడు తెగిపోయి, పడవ పక్కపడవ మీదకి తిరగడం మొదలెట్టింది. లోపల అక్క ఒక్కతే. బావగారు చుక్కాని దగ్గరుంటే ఏ వేళకి అల్లం టీ అందించాలో ఆవిడకి తెలుసు. ఇంజను ఎలా స్టార్ట్ చేయాలో తెలీదు! పక్కపడవలో ఒంటరిగా ఉండే డెబ్భయ్యేళ్ళ జర్మన్ ఆవిడ ఇవతలికి దూకి, ఇంజను వేసి, కొత్త తాడు కట్టి, తర్వాత నెమ్మదిగా అడిగిందిట, "ఈ పడవ నీది కూడా కదా?" అని.

ఈ లాస్ పాల్మాస్ నించే 1976లో పోలెండు ఆవిడ క్రిస్టినా హోయ్‌నోవ్‌స్కా లిష్కెవిచ్ పడవలో ఒంటరిగా బయల్దేరి, ప్రపంచం చుట్టి, 1978లో మళ్ళీ ఇక్కడికే చేరింది. అలా ఒంటరిగా చుట్టివచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. ఓడలు కట్టే ఇంజనీరు కూడా. అంతదూరం ఎందుకు, మన నేవీ అమ్మాయిలు ఆరుగురు 2017 సెప్టెంబరులో 'తారిణి' ఎక్కి 2018 మేలో తిరిగొచ్చారు. అందులో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. పేపర్లో చూసి అందరం మురిసిపోయాం. కానీ నన్ను గుచ్చింది వాళ్ళ సంగతి కాదు, ఇంజను తెలీని మా అక్క సంగతి. ఎందుకో చెబుతాను.

రెండేళ్ళ కిందట మావారికి అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్‌దాకా వెళ్ళింది. కౌంటర్ దగ్గర ఇన్సూరెన్సు కాగితం అడిగారు. ఏ కంపెనీదో నాకు తెలీదు. ఆయన ఫోన్ తెరిచే నంబరు తెలీదు. బీరువాలో ఏ ఫైలో తెలీదు. మా మరిదికి ఫోన్ చేసి ఏడ్చాను. బీఎస్సీ ఫస్టుక్లాసులో పాసయ్యాను. కథలు రాస్తాను. నా కథల్లో ఆడవాళ్ళు మహా బాగా తిరగబడతారు కూడా!

"ఆ తలనొప్పులన్నీ నీకెందుకు, నేనున్నాగా" అనే మాట ప్రేమతోనే అంటారు, కాదనను. మనమూ హాయిగానే ఉంటాం. కానీ ఆ హాయి ఎవరిమీద ఆధారపడి నడుస్తోందో, ఆ మనిషి మంచాన పడ్డనాడు గానీ మనకి తెలీదు. అందులో తప్పంతా వాళ్ళదే అంటే నేనొప్పుకోను. చెబుతానంటే "తర్వాత చూద్దాం లెండి, పాలు పొంగుతున్నాయి" అన్నది నేనే.

అక్క రెండు పట్లు పట్టింది. పడవ కాగితాల్లో తన పేరూ ఉండాలని, తనూ పడవ నడపడం నేర్చుకుంటానని. బావగారు మొదట నొచ్చుకున్నారు. "నేను చచ్చిపోతాననా?" అన్నారుట. అయినా ఆవిడ ఆడవాళ్ళకే పెట్టిన శిక్షణలో చేరింది. మొగుడు పక్కనుంటే చుక్కాని ఆయన చేతిలోంచి రాదుట, అందుకని! ఇప్పుడు పడవని దాని చోటులోకి తెచ్చి నిలిపేది అక్క, తాడు విసిరేది బావగారు. వారానికి రెండ్రోజులు వంట ఆయనది. ఉప్మా తప్ప ఇంకోటి రాలేదింకా.

అయితే అక్కడంతా పంచదార చిలకలేం కాదు. వాళ్ళవి ఇంగ్లండు పాస్‌పోర్టులు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నించి, ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులే ఉండాలి. క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటూ కాపురం. పైగా ఆ దీవుల జనం కూడా విసిగి ఉన్నారు. 2024 ఏప్రిల్ 20న వేలాదిమంది వీధుల్లోకొచ్చి, ఈ టూరిస్టుల తాకిడికి మాకు అద్దె ఇళ్ళు దొరకడం లేదన్నారు. "మేం ఎవరి ఇల్లూ ఆక్రమించలేదుగా, నీళ్ళమీదేగా ఉన్నాం" అంటుంది అక్క. నేను సగమే నమ్మాను.

అక్కతో మాట్లాడిన సాయంత్రం ఒక నోటుబుక్ తీసి మావారి ముందు పెట్టాను. ఇన్సూరెన్సు, బ్యాంకులు, ఇంటిపన్ను, ఫోన్ నంబరు, లాకరు, అన్నీ రాయమన్నాను. "ఏమిటీ, నన్ను పంపించేసే ఏర్పాటా?" అన్నారు.

"గ్యాసు సిలిండర్ అయిపోతే రెగ్యులేటర్ ఎటు తిప్పాలో మీకు తెలుసా?" అన్నాను.

ఆలోచించారు. లేచి వంటింట్లోకొచ్చి కింద కూచుని చూశారు. ఆ రాత్రే ఇన్సూరెన్సు పేజీ నిండింది, బ్యాంకుల పేజీ నిండింది. లాకరు సంగతి ఆదివారం తీరిగ్గా చెబుతానన్నారు. మూడు ఆదివారాలు వెళ్ళాయి. బుక్ టీవీ మీద పెట్టే ఉంచాను.