రెండు వారాల కింద ఎట్లుండె?

కల్హేర్ వైపు ఊళ్లలో పెద్దమనిషి జ్వరంతో మంచం పడితే చూడవచ్చినవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్నేండ్లుంటయి?" అనే. డెబ్బై అయిదని చెప్పగానే సగం తీర్పు అయిపోతుంది. "వయసైపాయె, ఇంకేం మందులు పనిజేస్తయి" అంటారు. దవాఖానకు పోయినా తేడా లేదు. కేస్ షీటు మీద పేరు పక్కన వయసు, దాని కింద షుగరు, బీపీ. ఊరూ ఆస్పత్రీ కలిసి నమ్ముతున్న ఈ లెక్క తప్పు అంటున్నాను.

2020 మార్చిలో దేశంలో తొలి కరోనా మరణం మనకు పొరుగునే ఉన్న కలబురగి మనిషిది. హైదరాబాద్ ఆస్పత్రులదాకా తెచ్చి, తిరిగి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. "76 ఏళ్ల వృద్ధుడు" అన్నాయి పత్రికలు. ఆ మాటతోనే అందరికీ సమాధానం దొరికినట్టయింది. పది రోజుల ముందే సౌదీ నుంచి తిరిగొచ్చిన మనిషన్న సంగతి ఆ అంకె కింద నలిగిపోయింది.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకాయనకు 78 ఏండ్లు. నల్లవాగు కింద వరి మడికి రోజూ నడిచిపోయి, పార పట్టి ఒడ్డు చెక్కి వస్తాడు. ఇంకొకాయనకు 66. ఏడాదిగా చిక్కిపోతున్నాడు, మంచం మీంచి లేవాలంటే ఒకరి చెయ్యి కావాలి, స్నానానికి కొడుకు పట్టుకోవాలి. ఇద్దరికీ ఒకే వైరస్ సోకిందనుకుందాం. వయసు లెక్కన మనం మొదటాయన మీద ఆశ వదులుకుంటాం. భయపడాల్సింది రెండో ఆయన గురించి.

ఇది నా ఊహ కాదు. 2020లో బ్రిటన్, ఇటలీలలోని 11 ఆస్పత్రుల్లో 1,564 మంది కరోనా రోగులను పరిశీలిస్తే, ఎవరి గతి ఏమవుతుందో వయసుకన్నా, ఉన్న జబ్బులకన్నా సత్తువ క్షీణతే బాగా పట్టిచ్చింది. దాన్ని కొలవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. కెనడా వైద్యుడు కెనెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ప్రకటించిన కొలబద్ద ఇప్పుడు 1 నుంచి 9 మెట్లుగా వాడుకలో ఉంది; మెట్టు పెరిగినకొద్దీ సత్తువ తగ్గినట్టు. అడగాల్సింది జ్వరం వచ్చినరోజు సంగతి కాదు, రెండు వారాల కింద మనిషి ఎట్లుండె అన్నది.

"అదంతా డబ్బున్న దేశాల ముచ్చట, ఇక్కడెవరికి తీరిక" అంటారు. ఒప్పుకోను. చిక్కు తీరికలో లేదు, జవాబు చెప్పేవాళ్లు ఎవరన్న దాంట్లో ఉంది. నారాయణఖేడ్ తండాల నుంచి కొడుకూ కోడలూ చెరకు నరకడానికి పోతే, ముసలామెను ఆటోలో తెచ్చేది పదహారేళ్ల మనవడో పక్కింటాయనో. వాళ్లను "నడుస్తదా" అంటే "నడుస్తది" అనే అంటారు. అందుకే ప్రశ్న మార్చాలి. పోయిన నెల పింఛను పైసలకు పోస్టాఫీసుకు తానే పోయిందా, ఎవరైనా తోలుకపోయిన్రా? దీనికి ఊళ్లో ప్రతివాళ్లూ జవాబు చెప్పగలరు. ఆశా కార్యకర్తయితే అడగకుండానే చెబుతుంది.

సత్తువ తగ్గినవాళ్లకు జబ్బు కూడా వేరే వేషంలో వస్తుంది. 2020లోనే అమెరికాలో కరోనాతో అత్యవసర విభాగానికి వచ్చిన 65 దాటిన 817 మందిలో 28 శాతం మతి స్థిమితం తప్పి వచ్చారు. వాళ్లలో మూడో వంతుకు పైగా మందికి జ్వరమూ లేదు, ఆయాసమూ లేదు. మన దగ్గరైతే దాన్ని "గాలి సోకింది" అంటారు, లేదా "ముసలితనం, అంతే" అంటారు. రెండో మాటే ఎక్కువ ప్రమాదం. మొదటి మాటన్నవాళ్లు కనీసం తాయెత్తు కోసమైనా గడప దాటుతారు.

ఇక పడక సంగతి. "లేవనియ్యకుండ్రి, పడతడు" అనేది మన ఆస్పత్రుల్లో అందరి నోటా వినిపించే దయగల మాట. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే పది రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక అమెరికా పరిశోధనలో (2007) కాళ్ల కండ ఒక్కటే కిలోకు దగ్గరగా కరిగిపోయింది. మరి జ్వరంతో, తిండి సయించక, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన ఆ 66 ఏండ్లాయన సంగతేమిటి? వైరస్ వారంలో పోతుంది. ఆయన మాత్రం మళ్లీ తన కాళ్ల మీద బాత్రూముకు పోలేడు. డిశ్చార్జి కాగితం మీద అది ఎక్కదు.

ఈ కొలబద్దతో ఇంకో అన్యాయం జరగొచ్చని నాకూ తెలుసు. 2020 మార్చిలో బ్రిటన్ మార్గదర్శకాలు దీన్ని ఐసీయూ నిర్ణయాలకు ముడిపెట్టాయి. వికలాంగులు అడ్డం తిరిగితే కొద్ది రోజుల్లోనే సవరించి, 65 లోపు వాళ్లకూ, ఏళ్లుగా వైకల్యంతో నిలకడగా ఉన్నవాళ్లకూ వాడొద్దన్నారు. మెట్టు చూసి మనిషిని పక్కన పెడితే అది వయసు చూసి పక్కన పెట్టినదానికన్నా మేలేమీ కాదు. ఆరో మెట్టు మీద ఉన్న మనిషికి ఎవరు అన్నం తినిపించాలి, రెండో రోజే ఎవరు కూర్చోబెట్టాలి, మూడో రోజు వరండాలో ఎవరు నాలుగడుగులు వేయించాలి అన్నది ఆ అంకె చెప్పాలి. ఇప్పుడు ఆ పని ఎవరిదీ కాదు. మనవడు బయట బెంచీ మీద ఫోను చూస్తూ కూర్చుంటాడు, లోపలికి రావద్దన్నారు కాబట్టి.